తాతమ్మ పిడికెడు బియ్యం

తాతమ్మ అంటే ఏ తాతగారికో అమ్మ అనుకునేరు. కాదు, ఆవిడ పేరే అది, పుట్టినప్పుడు పెట్టిన పేరు. చిన్నప్పుడు ఆ పేరు విని కొత్తవాళ్లు నవ్వేవారట. ఇప్పుడు వయసు వచ్చి పేరుకి సరిపోయింది. పైపళ్లు కొన్ని రాలాయి, నడుం కొంచెం వంగింది, నోరు మాత్రం నిటారుగానే ఉంది.

చోడవరం చివర, చెరుకు తోటల వైపు పోయే వీధిలో రేకుల ఇల్లు ఆవిడది. పొద్దున్నే వాకిలి చిమ్ముతూ ఆవిడ నవ్విందంటే వీధి మొదటిదాకా వినబడుతుంది. దేనికి నవ్విందని అడక్కండి. కోడిపుంజు గోడ మీంచి జారినా నవ్వే, కూరగాయల బండివాడు మైకులో దగ్గినా నవ్వే. ఇక ఆదివారం మందిరంలో ఆవిడ పాట సంగతి చెప్పనే అక్కర్లేదు. అందరూ రోడ్డు మీద నడుస్తుంటే ఆవిడ రాగం పొలాలకి అడ్డంపడి పోతుంది. కీబోర్డు వాయించే ఆయన కొన్నాళ్లు ఆవిడ శ్రుతి పట్టుకుందామని నానా తంటాలు పడి, చివరికి దేవుడే చూసుకుంటాడులే అని వదిలేశాడు.

చేసేది చెరుకు జడ చుట్టే పని. చెరుకు ఏపుగా ఎదిగాక గాలికి పడిపోకుండా, దాని ఎండాకులతోనే నాలుగైదు గడల్ని కలిపి జడల్లినట్టు చుట్టి నిలబెడతారు. ఆ ఆకు అంచు బ్లేడులా కోస్తుంది. తాతమ్మ చేతుల నిండా ఆ కోతలే, పాతవాటి మీద కొత్తవి. పని ఉన్న రోజు కూలి, లేని రోజు రేషన్ బియ్యం, చారు. కూతుర్ని రావికమతంలో ఇచ్చింది. వాళ్ల బతుకులు వాళ్లకే చాలీచాలకుండా ఉంటే ఈవిడ వాళ్లని ఏమడుగుతుంది?

ఏమీ లేని మనిషికి అంత నవ్వు ఎక్కడినుంచి వస్తుందని వీధిలో చాలామందికి అనుమానం. పక్కింటి అచ్చియ్యమ్మ ఉండబట్టలేక ఓసారి అడిగేసింది. అచ్చియ్యమ్మది వేరే దేవుడు, వేరే పూజ. అయినా ఇద్దరూ ఒకే చెరుకు తోటలో వంగి ముసలివాళ్లయినవాళ్లు.

"ఒసే తాతమ్మా, లంకెబిందెలేవైనా దొరికేయేటే నీకు? ఎందుకే అలగ ఇకిలిస్తావు?"

"దొరికేయే."

"ఎక్కడే?"

"బియ్యం డబ్బాలో," అని మళ్లీ నవ్వింది తాతమ్మ. పిచ్చిది అనుకుంది అచ్చియ్యమ్మ.

పిచ్చి కాదు. ఆ డబ్బా సంగతే ఇప్పుడు చెప్పుకోవాలి.

వీధి మొదట్లో ఉన్న ప్రార్థన మందిరంలో పాత ఆచారం ఒకటి ఉంది. ఆడవాళ్లు ఎసట్లో పోయడానికి బియ్యం తీసుకున్న ప్రతిసారీ అందులోంచి ఓ పిడికెడు తీసి పక్కన ఓ డబ్బాలో వేస్తారు. అది దేవుడి బియ్యం. ఆదివారం ఆ డబ్బా పట్టుకొచ్చి, కానుకల పాట పాడుతుండగా వరసల మధ్య తిరిగే వెదురు గంపలో పోస్తారు. ఆ బియ్యంతోనే నెల మొదటి ఆదివారం అందరూ కలిసి తినే ప్రేమవిందు. మిగిలినవి ఆ వారం పొయ్యి వెలగని ఇళ్లకి వెళతాయి. ఎవరి ఇల్లన్నది గంప మోసేవాళ్లకి తప్ప ఇంకొకరికి తెలియదు.

తాతమ్మ ఆ డబ్బా మొదలుపెట్టిన రోజు ఆవిడ జీవితంలో అన్నిటికంటే చెడ్డ రోజుల్లో ఒకటి. మొగుడు తవిటయ్య మాడుగుల వైపునుంచి చెరుకు ట్రాక్టరు మీద వస్తూ మలుపులో బోల్తాపడి పోయాడు. కర్మ అయ్యాక చుట్టాలు ఎవరి దారి వాళ్లు పట్టారు. చంకలో పిల్ల, ఇంట్లో ఖాళీ కుండ. అప్పటి పాస్టరుగారి భార్య చిన్నతల్లి ఆ సంగతి విని కొంగులో బియ్యం పోసుకుని వచ్చింది. తాతమ్మ అప్పటికి మందిరం గడప తొక్కి ఎరగదు. చిన్నతల్లే పొయ్యి రాజేసి, ఎసరు పెట్టించి, తాతమ్మ బియ్యం కడగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండమ్మా. ముందు ఓ పిడికెడు పక్కకి తియ్యి."

"ఎందుకు?"

"లేనోళ్లకి."

తాతమ్మకి ఒళ్లు మండిపోయింది. "లేనోళ్లంటే నానే కదేటి! నాకంటే లేనిదెవులున్నాదీ వీధిలో?"

"ఉంటారు. తీసి సూడు."

తీసింది, తిట్టుకుంటూనే తీసింది. సాయంత్రం చిన్నతల్లి ఆవిణ్ని పక్కింటికి తీసుకెళ్లింది. అచ్చియ్యమ్మ ఇల్లు అది. ముసురు పట్టి పనుల్లేక ఆ ఇంట్లో పొయ్యి మీద పిల్లి పడుకుంది, చంటిది ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. ఆ పిడికెడు బియ్యం జావ కాచడానికి సరిపోయాయి. అచ్చియ్యమ్మ రెండు చేతులూ చాచి అందుకుంది. ఆ ఇంట్లోంచి ఈ ఇంట్లోకి నాలుగడుగులు కూడా ఉండవు. ఆ కాస్త దూరంలోనే తాతమ్మకి ఏదో అయిపోయింది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఊరంతా ఆవిడకి ఇస్తూనే ఉంది, ఆవిడ తల వంచుకుని పుచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు ఆవిడే ఒకరికి ఇచ్చి వస్తోంది. గుమ్మంలో కూలబడి ఏడ్చింది, ఏడుస్తూ ఏడుస్తూ నవ్వింది.

"అప్పుటిదాకా నాను అడుక్కుతినేదాన్ని. ఆయేల్టినుంచీ కాదు," అని ఏటా దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల ఆరాధనలో నిలబడి చెబుతుంది. ఆ తర్వాత కొద్దికాలానికే ప్రభువుని నమ్ముకుని మందిరంలో చేరింది. బోధలన్నీ నెమ్మదిమీద తెలిశాయి, పిడికెడు మాత్రం ముందే తెలుసు.

ఇలా ఏళ్లు గడిచాయి. చిన్నతల్లి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. పాస్టర్లు మారారు. మందిరానికి పైన స్లాబు, లోపల ఏసీ వచ్చాయి. సంఘపెద్దగా సంతోష్‌కుమార్ వచ్చాడు.

సంతోష్‌కుమార్ మంచివాడు. ఈ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే జరగబోయేది విని అతన్ని దుర్మార్గుడు అనుకుంటారు. ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు. తండ్రి తాపీమేస్త్రి, కొడుకు మూడంతస్తుల ఇంటివాడు. చెయ్యి చాచినవాడికి లేదన్నది అతని నోట రాదు. స్లాబు అతను వేయించిందే, ఏసీ అతను పెట్టించిందే. గంపలోకి అతని ఇంటినుంచి పిడికెడు ఎప్పుడూ రాలేదు, ఆర్నెల్లకోసారి బస్తాలు కొట్టునుంచి నేరుగా వచ్చేస్తాయి. అందరికీ అదే గొప్పగా ఉండేది.

ఓ ఏడాది వానల్లో పెద్ద గాలికి తాతమ్మ ఇంటిరేకు ఎగిరిపోయింది. విన్నవెంటనే సంతోష్‌కుమార్ టార్పాలిన్ పట్టుకుని మనుషులతో వచ్చాడు. గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. నేలంతా తడి. పొయ్యి ఒక్కటే పొడిగా ఉంది. తాతమ్మ చాటలో కాసిని రేషన్ బియ్యం పోసుకుని, అందులోంచి పిడికెడు తీసి డబ్బాలో వేస్తోంది.

"అదేటి మామ్మా?"

"దేవుడివి బాబూ."

అతను పైకి చూశాడు. ఇల్లు కారిపోతోంది, ఉన్నవి గుప్పెడు గింజలు, అందులోంచి దేవుడికా! దేవుడు ఈ ముసలమ్మ దగ్గర పుచ్చుకుంటాడా? ఇది మన సంఘానికి సిగ్గు కాదూ? ఆ రాత్రే కొత్త పాస్టరుగారు ధర్మతేజతో మాట్లాడాడు. ధర్మతేజ ఇంకా కుర్రవాడు, మెత్తని మనిషి, మంచి పని అంటే వెంటనే తల ఊపేస్తాడు. ఊపేశాడు.

ఆ వచ్చిన ఆదివారం సంతోష్‌కుమార్ మైకు పట్టుకున్నాడు. సంఘంలో విధవరాండ్రు, ఏ ఆధారం లేనివాళ్లు ఇకమీదట పిడికెడు బియ్యం తేనక్కర్లేదన్నాడు. పైగా నెలనెలా వాళ్లకే బియ్యం, పప్పు, నూనె కలిపి కిట్టు ఇస్తామన్నాడు. పేర్లు చదివాడు. మొదటి పేరు తాతమ్మదే. చప్పట్లు మోగాయి. పక్కనున్న ఆవిడ తాతమ్మ భుజం తట్టి, "అదురుష్టవంతురాలివప్పా," అంది.

తాతమ్మకి ఆ పూట ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాతి ఆదివారం అర్థమైంది. కానుకల పాట మొదలైంది. గంప పట్టుకుని సంతోష్‌కుమార్ భార్య హిమబిందు వరసల్లో వస్తోంది. తాతమ్మ ఎప్పట్లాగే డబ్బా మూత తీసి లేచి నిలబడింది. హిమబిందు గంపని కొంచెం పక్కకి తిప్పుకుని, ఎంతో ప్రేమగా, "నువ్వు అక్కర్లేదు మామ్మా, కూర్చో," అంది. గంప వెనకవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

అందరూ పాడుతున్నారు. తాతమ్మ ఒక్కతే చేతిలో డబ్బాతో నిలబడిపోయింది. తల కొట్టేసినట్టయింది ఆవిడకి. కూర్చుంది. ఆ పాటలో పొలానికి అడ్డంపడి పోయే రాగం ఆ రోజు వినబడలేదు. కీబోర్డు ఆయన తల ఎత్తి చూశాడు కూడా.

అసలు చిక్కు ఇంటికొచ్చాక మొదలైంది. దేవుడికని తీసింది మళ్లీ కుండలో పడకూడదు. అది చిన్నతల్లి నేర్పిన మొదటి మాట. గంప పుచ్చుకోదు, కుండలో పొయ్యకూడదు, మరి ఈ బియ్యం ఏం కావాలి? పోనీ తీయడం మానేద్దామా అంటే చెయ్యి వినదు. ఓ పూట గట్టిగా మనసు చేసుకుని, ఉన్నవన్నీ ఎసట్లో పోసేసింది. ఆ అన్నం గొంతు దిగలేదు. లేచి కంచంలో చెయ్యి కడిగేసుకుంది. మర్నాటినుంచి మళ్లీ డబ్బాలోకి పిడికెడు, ప్రతి ఆదివారం డబ్బా కొంగుకింద దాచుకుని మందిరానికి, అక్కడినుంచి అలాగే ఇంటికి.

డబ్బా నిండింది. ఇంకో డబ్బా తీసింది. వానాకాలం కదా, మొదటిదాంట్లో పురుగు పట్టింది. ఎండ కాసినప్పుడు పాత చీర పరిచి, బియ్యం ఆరబోసి, కర్ర పట్టుకుని కోళ్లని తోలుతూ కూర్చుంది. అచ్చియ్యమ్మ గోడమీంచి తొంగి చూసింది.

"ఒండుకు తినీవే పిచ్చిదానా! పురుగులకి పెడతావేటి?"

"దేవుడివే అవి."

"ఆ దేవుడు ఒద్దన్నాడేటి?"

"దేవుడన్లేదు. పెద్దలన్నారు."

"మరదేనే! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారేటి?" అని అచ్చియ్యమ్మ గోడమీంచి ఇంకొంచెం వంగి, "పోయి అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు," అంది.

ఎలా అడుగుతుంది? అన్నం పెట్టమని అడగొచ్చు, చీర ఇమ్మని అడగొచ్చు. నా దగ్గర పుచ్చుకోండని ఎవరైనా అడుగుతారా? ఓ రోజు మూట కట్టుకుని బస్‌స్టాండుకి వెళ్లింది. మెట్లమీద కూర్చున్న ముష్టివాడికి పొయ్యబోతే అతను చిప్ప వెనక్కి లాక్కుని, "పచ్చి బియ్యం నానెక్కడ ఒండుకోను మామ్మా, టీకేవైనా ఉంటే ఇయ్యి," అన్నాడు. ఇంకో ఆదివారం పొద్దున్న పక్క వీధిలో ఉన్న ఇంకో సంఘంవాళ్ల మందిరం గుమ్మందాకా వెళ్లింది. వాళ్లు తప్పకుండా పుచ్చుకునేవారే. కానీ అత్తారింట్లో అలిగి పొరుగింట్లో విస్తరి వేయించుకున్నట్టు ఉంటుందని వెనక్కి వచ్చేసింది.

ఆ నెలల్లో వీధికి నవ్వు లేకపోయింది. కోడిపుంజు జారింది, నవ్వలేదు. చెరుకు తోటలో జడ చుడుతూ ఎప్పుడూ అందర్నీ ఆటపట్టించే మనిషి, నోట్లో ఆకు కరుచుకుని తలొంచుకుని చుట్టుకుంటూ పోయింది. ఒంట్లో బాగోలేదనుకున్నారు. కూతురు ఫోను చేస్తే బాగానే ఉన్నానంది. ఒంట్లో బాగానే ఉంది మరి. పొట్ట కూడా నిండుతోంది, కిట్టులో పప్పు ఉంది, నూనె ఉంది. ఎప్పుడూ లేనంత నిండుగా ఉంది ఇల్లు. తాతమ్మకి మాత్రం తవిటయ్య పోయిననాటి ఇల్లులా ఉంది.

కిట్లిచ్చే ఆదివారం ఓ తంతు ఉంటుంది. పుచ్చుకునేవాళ్లు వరసగా ముందుకొస్తారు. సంచికి ఓ పక్క వాళ్లు, ఇంకో పక్క సంతోష్‌కుమార్ పట్టుకుంటారు. ఫోనులో ఫొటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఆ ఫొటోల్లో ఒక్కరి మొహం వెలగడం లేదని సంతోష్‌కుమార్‌కి కొన్నాళ్లుగా బాధ. ఆ రోజు తాతమ్మ వంతు వచ్చింది. ఈవిడైనా ఈసారి నవ్వుతుంది, నవ్వులకి పెట్టింది పేరు కదా అనుకున్నాడు.

"మామ్మా, కాస్త నవ్వు. ఫొటో బాగొస్తాది."

తాతమ్మ నవ్వలేదు.

"నవ్వు మామ్మా!"

"నవ్వు నువ్వు పట్టుకుపోనావు కదా బాబూ," అంది తాతమ్మ. "ఇంకెక్కడిది తెచ్చి నవ్వమంటావు?"

మైకు పక్కనే ఉంది. మందిరం అంతా వినబడింది. సంతోష్‌కుమార్ మొహం ఎర్రబడిపోయింది.

"నానేటి పట్టుకెళ్లేను మామ్మా? ఇచ్చేను గానీ!"

"ఇచ్చేవు. ఇచ్చి, నన్నియ్యనీకుండా సేసేవు. నానేటి పాపం సేసేను? గంప నా కాడికొచ్చేసరికి ఎందుకు తిరిగిపోతాది? నా బియ్యం బియ్యం కావేటి?"

"పున్నానికి పోతే పాపం ఎదురైందంటే ఇదే!" అన్నాడు అతను. సంచి వదిలేశాడు. తాతమ్మా వదిలేసింది. కందిపప్పు పొట్లం చిట్లి నేలంతా పరుచుకుంది. ఆవిడ ఎవరివైపూ చూడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి గోడకి చేరబడ్డాక అసలు ఏడుపొచ్చింది. తన మీద తనకే ఒళ్లు మండింది. నోరా ఇది, తాటిమట్టా? టార్పాలిన్ తెచ్చి కప్పినవాణ్ని నలుగురిలో అలా అనొచ్చా? చిన్నతల్లి ఉంటే చెవి మెలిపెట్టేది. ఇక మందిరానికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను అనుకుంది. గంపా పోయింది, ఇప్పుడు మందిరమూ పోయింది. ఎంత ఏడ్చినా ఆకలి ఆకలే. లేచి ఎసరు పెట్టింది, చాటలో బియ్యం పోసింది, చెయ్యి తనంతట తనే పిడికెడు తీసి పక్కన వేసింది.

మధ్యాహ్నం గుమ్మం ముందు కారు ఆగింది. సంతోష్‌కుమార్ ఒక్కడే దిగాడు. కోపంగానే దిగాడు. గుమ్మంలోకి వచ్చి, మాటలన్నీ కూడగట్టుకుని వచ్చినవాడు, ఆవిడ ఉబ్బిన కళ్లు చూసి అవన్నీ మర్చిపోయాడు.

"భోంచేసేవా బాబూ?"

"లేదు మామ్మా. ఇంటికెళ్లలేదు."

"కూకో."

కంచం కడిగి అన్నం పెట్టింది. ఎండు నెత్తళ్ల పులుసు పోసింది. అతను కంగారుపడి చేతులు అడ్డం పెట్టాడు. "వద్దు మామ్మా, వద్దు! నీకే లేదు, నాను తినేస్తే నువ్వేటి తింటావు?"

"సూసేవా," అంది తాతమ్మ. "మళ్లీ గంప తిప్పేస్తన్నావు."

సంతోష్‌కుమార్ చేతులు దిగిపోయాయి. ఎన్ని ఇళ్లకి ఏమేం పట్టుకెళ్లాడో, ఒక్క ఇంట్లో మంచినీళ్లయినా తాగలేదు. వాళ్లకే లేదు అనుకునేవాడు. ఇప్పుడు ఆ మట్టినేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ముద్ద కలిపాడు. మొదటి ముద్ద మొహమాటంతో తిన్నాడు. రెండోది ఆకలితో తిన్నాడు. పులుసు ఇంకొంచెం పొయ్యమన్నాడు. పోస్తుంటే తాతమ్మ పెదాలు కదిలాయి, ఆపుకుంది.

"మామ్మా, ఒక మాట సెప్తాను, ఎవులికీ సెప్పకు," అన్నాడు కంచంలోకి చూస్తూ. "నాకు బయ్యం. ఉన్నోడికి దేవుడి గుమ్మం ఇరుకని సిన్నప్పుడు సండేస్కూల్లో ఇన్నాను. అప్పుడు మాకేటీ లేదు, నవ్వుకున్నాను. ఇప్పుడు అన్నీ ఉన్నాయి, నిద్దర పట్టదు. అందుకే ఇస్తన్నాను. ఎంతిచ్చినా ఇంకా సాల్లేదేమో అనే ఉంటాది."

తాతమ్మకి ఇన్నాళ్ల కోపం ఒక్కసారి ఎటుపోయిందో తెలియలేదు. పాపం, గుంటడు ఇంత భయం మోసుకుని తిరుగుతున్నాడా అనిపించింది.

"నువ్విచ్చినప్పుడు నీ ఇంట్లో ఏటైనా తగ్గుతాదేటి బాబూ?"

అతను ఆలోచించాడు. "తగ్గదు మామ్మా. తగ్గకుండానే సూసుకుంటాం."

"నాకు తగ్గుతాది. పిడికెడు తీస్తే ఓ ముద్ద తక్కువవుతాది. ఆ తక్కువైన కాడ ప్రభువొచ్చి కూకుంటాడు నాతోటి. ఈయేల ఏటి కూర తాతమ్మా అని అడిగినట్టే ఉంటాది. ఎవులో ఓ పిల్ల నా ముద్ద తింటన్నాదని ఉంటాది. నా సంతోసమంతా ఆ కాళీలోనే ఉండీది. నువ్వు జాలిపడి అది పూడ్సేసేవు బాబూ."

సంతోష్‌కుమార్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తర్వాత మెల్లగా, "అయితే కిట్టు మానీమంటావా?" అన్నాడు.

"ఎందుకు మానీడం? ఇస్తే పుచ్చుకుంటాను, నాకేటి సిగ్గు? కందిపప్పు బాగుంది, అది మానకు. నా గంపని ఆపకు, అంతే. ఆ ఫొటోలు కూడా ఒద్దు, నా మొగం నాకే బయ్యమేస్తన్నాది."

అతను ఫక్కున నవ్వాడు. తాతమ్మా ఇక ఆపుకోలేకపోయింది.

ఆ తర్వాతి ఆదివారం మైకులో ఎవరూ ఏమీ ప్రకటించలేదు. కానుకల పాట మొదలైంది. హిమబిందు గంప పట్టుకుని వచ్చి తాతమ్మ ఎదురుగా ఆగింది. "మామ్మా, పొయ్యి," అంది, కళ్లు దించుకుని. తాతమ్మ కొంగుకిందనుంచి డబ్బా తీసి పోసింది. కాళ్ల దగ్గర పెట్టుకున్న పాత డబ్బా తీసింది, ఎండబెట్టి, చెరిగి, పురుగు లేకుండా ఏరిన బియ్యం, అవీ పోసింది. గంప ముందుకు కదలబోయింది.

అప్పుడు వెనకవరసలోనుంచి ఇంకొకావిడ లేచింది. తేనక్కర్లేదని పేరు చదివినవాళ్లలో ఒకావిడ. కొంగు విప్పింది, అందులో బియ్యం. ఆవిడ పక్కన ఇంకొకావిడ గుడ్డసంచి తీసింది. గోడవారగా కూర్చునే గుడ్డి ముసలమ్మ గ్లాసు చాచింది. ఆ పేర్లవాళ్లందరూ ఇన్ని నెలలూ ప్రతి ఆదివారం కొంగుకింద దాచి తెచ్చుకుంటూనే ఉన్నారు, పట్టుకుపోతూనే ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నోరున్నది తాతమ్మ ఒక్కతే. గంప నిండి అంచులు పొర్లింది. పాస్టరు ధర్మతేజ లేచి వెళ్లి, హిమబిందుకి సాయంగా రెండో పక్క పట్టుకున్నాడు. గంప మోస్తూనే పాట అందుకున్నాడు.

గంప వేదిక ముందున్న బల్ల దగ్గరికి చేరాక, మగవాళ్ల వైపునుంచి సంతోష్‌కుమార్ లేచి వచ్చాడు. కుడిచెయ్యి బిగించి పట్టుకుని ఉన్నాడు. ఆ సంఘంలో మగవాడు పిడికెడు తేవడం ఎవరూ చూడలేదు. తన ఇంటినుంచి దేంట్లో తేవాలో అతనికి తోచలేదు, భార్యని అడగడానికి సిగ్గుపడ్డాడు, పొద్దున్న ఎసట్లో పోసే బియ్యంలోంచి తీసింది ఆ పిడికిట్లోనే పెట్టుకుని ఇంటినుంచి వచ్చేశాడు. ఆరాధన అంతా పిడికిలి విప్పలేదు. గంప మీద చెయ్యి తెరిచాడు. సగం గింజలు రాలాయి, సగం చెమటకి అరచేతికి అంటుకుపోయాయి.

తాతమ్మ ముందువరసలోంచి లేచి వచ్చి, అతని మణికట్టు పట్టుకుని, చెరుకాకు కోసిన తన వేళ్లతో ఆ గింజలన్నీ ఒక్కొక్కటే గంపలోకి రాల్చింది.

"దులుపు బాబూ," అంది. "దేవుడివి సేతికి అంటుకోకూడదు."

"తగ్గింది మామ్మా," అన్నాడు అతను మెల్లగా. "ఇంటికాడ అందరికీ ఓ ముద్ద తక్కువే ఈపూట."

"మరెలాగుంది?"

అతను చిన్నపిల్లాడిలా నవ్వేశాడు. ఆ మొహం చూసి తాతమ్మ నవ్వింది. పాట, కీబోర్డు, ఏసీ హోరు, అన్నిటినీ దాటుకుని ఆ నవ్వు వీధిలోకి వెళ్లింది.

వీధి చివర అచ్చియ్యమ్మ అప్పుడే చాటలో బియ్యం పోసుకుని చెరుగుతోంది. చెవి రిక్కించి విన్నది.

"ఒచ్చీసింది, ముండది," అనుకుని, కళ్లు తుడుచుకుని, ఎసరు పెట్టుకుంది.